అక్కకు పెట్టిన ఆలిచిప్పలు

నగరత్త పోయి, దినాలన్నీ ముగిసి, వచ్చిన బంధువులు ఎవరిళ్ళకు వాళ్ళు చేరుకున్నాక ఒక ఉదయం రేవతి తిరుపతిలో మా ఇంటికి వచ్చింది. రేవతి మా అక్క కూతురు. నగరత్త దానికి నాయనమ్మ, మా అక్కకు అత్తగారు. నగరిలో ఉండేది కాబట్టి మేమంతా ఆమెను నగరత్త అనే పిలిచేవాళ్ళం. అసలు పేరు కర్మ చేసేరోజు పురోహితుడి నోట విన్నప్పుడు, ఎవరి గురించి చెబుతున్నాడా అని ఒక క్షణం తడుముకున్నాను. నిండా బతికిన మనిషి. ఆమె కోసం గట్టిగా ఏడ్చినవాళ్ళు ఎక్కువమంది లేరు. రేవతి మాత్రం ఆ రోజుల్లో అన్నం ముట్టలేదని తర్వాత తెలిసింది. కన్నతల్లి ముఖం ఎరగని పిల్లను పెంచింది ఆమే.

రేవతి చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, వంటింటి గడప మీద కూర్చుంది. నేను కాఫీ కలుపుతుంటే వెనకనుంచి అడిగింది.

"చిన్నమ్మా, ఆఖర్లో అవ్వకు మతి అటూ ఇటూ అయిపోయింది గదా. అప్పుడు రోజూ ఒకటే మాట అడిగేది. 'తడ నుంచి ఆలిచిప్పలు వచ్చినాయా? ఆ పిల్లకు పెట్టినారా?' అని. మా ఇంట్లో అట్టాంటివి ఎవురూ తినరు. నేను పుట్టి బుద్ధెరిగినాక ఆ పేరే వినలా. ఎవురు తెచ్చేవాళ్ళు? ఎవురా పిల్ల?"

"మీ అమ్మ," అన్నాను.

రేవతి కాఫీ గ్లాసు అందుకుని, తాగకుండా పట్టుకుని కూర్చుంది. దానికి తల్లి పేరు తెలుసు, తను పుట్టినరోజే పోయిందని తెలుసు. అంతకుమించి ఎవరూ చెప్పలేదు. మా బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వచ్చినావిడ మంచిది, రేవతిని కడుపున పుట్టినదానిలాగే చూసింది. ఆవిడ మనసు నొచ్చుకోకూడదని నగరత్త పాత కోడలి ఊసు ఆ ఇంట్లో ఎత్తడం మానేసింది. ఆమె మాట్లాడకపోతే ఇంకెవరూ మాట్లాడేవాళ్ళు కారు, అట్లాంటి ఇల్లది. నేనూ పోయి వచ్చినప్పుడల్లా పిల్లకు బట్టలు, బొమ్మలు ఇచ్చి వచ్చేదాన్నే తప్ప ఆ మాట కదిపేదాన్ని కాదు. బావ కూడా పోయి కొన్నేళ్ళయింది. కాఫీ చల్లారుతుండగా రేవతి, "సెప్పు చిన్నమ్మా," అంది. ఆ పొద్దు దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు తడకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున ఉండేది. సరస్సు అనే మాట నాకు బడిపుస్తకంలోనే పరిచయం. ఇంట్లో మేము 'ఉప్పునీళ్ళు' అనేవాళ్ళం. "మీ నాయన యాడ?" అని ఎవరైనా అడిగితే "ఉప్పునీళ్ళకు పోయినాడు" అని చెప్పడమే నాకు మాటలు వచ్చిన కొత్తలో నేర్చుకున్న వాక్యం అయి ఉండాలి. మా వాకిట్లో ఎప్పుడూ ఒక వాసన ఉండేది. ఎండిన వల, తడిసిన గోనె, బురద, కాలిన తాటాకు, అన్నీ కలిసిన వాసన. మా బట్టలకు, జుట్టుకు, పుస్తకాలకు కూడా అదే వాసన. బయటి ఊళ్ళకు పోతే గాని అది వాసనని మాకు తెలిసేది కాదు.

చేపలు, రొయ్యలు అమ్మకానికి. ఆలిచిప్పలు మాత్రం ఇంటికి. వాటిని కొనేవాళ్ళు మా వైపు తక్కువ, అందుకే అవి మాకు పుష్కలంగా మిగిలేవి. నీళ్ళలోని రాళ్ళకు, ఎవరో ఎప్పుడో పాతి వదిలేసిన తాటిమొద్దులకు గుత్తులు గుత్తులుగా అంటుకుని పెరిగేవి. నీటిమట్టం దిగే వేళ చూసుకుని నాయన నడుం లోతులో నిలబడి, పొట్టి గడ్డపారతో వాటిని పొడిచి విడదీసేవాడు. అంచులు పగిలిన సీసాపెంకుల కంటే పదును. నాయన అరచేతుల నిండా తెల్లటి గీతలు ఉండేవి. మొదటిది ఎప్పుడూ ఆయన అక్కడే, నీళ్ళలోనే విప్పి, పచ్చిదే నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. "ఎందుకు నాయనా కండ్లు మూస్తావు?" అంటే, "ఉప్పు ఎంతుండాదో సూస్తాండా," అనేవాడు. ఆ ఒక్కదానితో నీళ్ళు ఎట్లా ఉన్నాయో, వాన ఎంత దూరంలో ఉందో ఆయనకు తెలిసేదని అమ్మ చెప్పేది. వానలు పడి ఉప్పునీళ్ళు చప్పబడ్డాక ఆయన వాటి జోలికి పోయేవాడు కాదు. వానలు వెనకబడి, నీళ్ళకు మళ్ళీ ఉప్పెక్కి, ఎండలు ముదిరేనాటికి అవి బలిసేవి. మామిడికాయలు దిగే కాలమూ అదే.

గోనె ఇంటికి చేరాక పనంతా మా అక్క కస్తూరిది. అమ్మ కూడా ఆ పనిలో అక్కకు ఎదురు చెప్పేది కాదు. అక్క రెండు చిప్పలను ఒకదానికొకటి తట్టి వినేది. రాయిలాగా మోగితే సరే. డొల్లగా మోగితే, "ఇది సచ్చిపోయిండాది," అని విసిరేసేది. ఎండు తాటాకు పరిచి, చిప్పలను గుంతవైపు కిందికి ఉండేట్టు వరసగా పేర్చి మంటపెట్టేది. గుంత పైకుంటే లోపలి నీళ్ళు కారిపోతాయి. కాసేపటికి చిటపటలాడి, ఒక్కొక్కటే నోరు తెరిచేది. ఆ వేడి చిప్పను పైటకొంగుతో పట్టుకుని, నాలుగు ఊదులు ఊది, ముందు నా నోటికి అందించేది. లోపల ఒక గుక్కెడు నీళ్ళు ఉంటాయి. ఉప్పగా, పొగవాసనతో, చివర్లో కొంచెం తియ్యగా. వాటిని తాగాకే కండ. బూడిదరంగులో మెత్తగా ఉండి, చుట్టూ నల్లటి కుచ్చు. నమిలీ నమలకముందే జారిపోయేది. మిగిలినవాటిని గీరి తీసి అమ్మకు ఇచ్చేది. అమ్మ చిన్న ఉల్లిపాయలు, మెంతులు, ఎండుమిరపకాయలు చెనిక్కాయల నూనెలో వేయించి, చింతపండు పులుసు పోసి, పచ్చిమామిడి ముక్కలు వేసి బాగా మరగనిచ్చి, ఆఖరున ఆ కండలు వేసి ఒక్క ఉడుకు రాగానే దించేసేది. ఇంకో ఉడుకు పట్టిందంటే అవి రబ్బరు ముక్కల్లాగా సాగేవి. రాగిసంగటి ముద్ద మధ్యలో గుంట చేసి ఆ పులుసు పోసుకుని నలుగురం చుట్టూ కూర్చుని తినేవాళ్ళం. మాటలు ఉండేవి కావు. తినడం అయ్యాక అక్క వేళ్ళు నాకి, వాసన చూసుకుని, "రేపటిదాకా ఉంటాది," అని నవ్వేది. పళ్ళన్నీ కనబడేట్టు నవ్వే మనిషి.

మా బావ ఆ పులుసు వల్లే మా ఇంటికి అల్లుడయ్యాడు. నగరిలో మగ్గాల ఇంటి పిల్లవాడు. లుంగీలు, నూలు చీరలు మూటగట్టుకుని మా ఊళ్ళవైపు అమ్మడానికి వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం ఎండకు తాళలేక మా పంచన కూర్చుంటే అమ్మ సంగటి పెట్టింది. సగం తిన్నాక అడిగాడు.

"ఏందక్కా ఈ కూర? ఇంత మెత్తగా ఉండాది?"

"ఆలిచిప్పలప్పా. మీరు తింటారో తినరో, అడక్కుండా పెట్టినా," అంది అమ్మ, కంగారుగా.

అతను ఒక్క క్షణం ఆగి, తలుపుచాటునున్న అక్క వైపు చూసి, "ఇంకొంచెం పొయ్యండి," అన్నాడు. ఆ తర్వాత అతని మూట మా ఊరికి అవసరానికి మించి వచ్చేది. రెండిళ్ళవాళ్ళూ ఒప్పుకోలేదు. ఏడుపులు, అలకలు, మధ్యవర్తులు అన్నీ అయ్యాక తిరుచానూరులో పెళ్ళి జరిగింది. పెళ్ళిలో నగరత్త మా అమ్మతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పొడుగ్గా, ఎండుకట్టెలాగా ఉండేది. జీవితమంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టి చుట్టి కళ్ళు చిన్నవైపోయాయి. ఎవరిని చూసినా, తెగిన పోగు కోసం వెతుకుతున్నట్టు చూసేది. వాళ్ళింట్లో ఆదివారం కోడో పొట్టేలో వండుకునేవాళ్ళే. కానీ గుల్లలు, నత్తలు తినేవాళ్ళంటే వాళ్ళకు అసహ్యం.

అక్కకు మూడోనెల దాటినా వేవిళ్ళు తగ్గలేదు. తిన్నది తిన్నట్టే బయటికి వచ్చేది. మజ్జిగ, మారేడు, మిరియాల చారు, నాటువైద్యుడి పొడులు, ఏవీ నిలవలేదు. బావ వచ్చి అమ్మ ముందు తల వంచుకుని చెప్పాడు.

"అత్తా, మనిషి సగమైపోయింది. ఏం కావాలని అడిగితే ఆలిచిప్పలంటాది. మా అమ్మతో అనే ధైర్యం నాకు లేదు."

మర్నాడు నాయన తెల్లవారకముందే నీళ్ళలో దిగాడు. గోనెను బాగా తడిపి, పైన తాటాకు కప్పి, అమ్మా నేనూ బస్సెక్కాం. తడ నుంచి సత్యవేడు, నాగలాపురం మీదుగా బస్సులు మారుతూ పోవాలి. ఎక్కిన ప్రతి బస్సులోనూ కండక్టర్‌తో గొడవే. నీళ్ళు కారతా ఉండాయని ఒకడు, నీచు వాసనని ఇంకొకడు. అమ్మ ప్రతి ఒక్కడికీ ఒకే మాట చెప్పింది. "కడుపుతో ఉండే బిడ్డకు నాయనా." ఆ మాటకు దించేసినవాడు లేడు. దారిలో ఆగినచోటల్లా బోరింగు దగ్గరికి పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చి గోనె మీద పోయడం నా పని.

వాళ్ళ వీధిలో ఆ వేళ పడుగులు సాగదీసి గంజి పెడుతున్నారు. వీధి పొడుగునా రంగురంగుల నూలు, గంజి పుల్లటి వాసన. వాటిని తాకకుండా ఓరగా నడిచి వాళ్ళ గడప ముందు గోనె దించాం. నగరత్త బయటికి వచ్చి, గోనెను చూసి, చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందిది?"

"ఆలిచిప్పలు వదినా. బిడ్డ అడిగినాదంట."

"మేం పెట్టే తిండి సాల్లేదా? ఆ గుల్లలు నా గడప దాటేదానికి లేదు."

అమ్మ వాదించలేదు. గోనె పక్కనే, వీధిలోనే, నేల మీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది. ఎండ నెత్తిమీదికి వస్తోంది. ఇంకొంచెంసేపు అయితే చిప్పలు చచ్చిపోతాయని నాకూ తెలుసు. నూలుకు గంజి పెట్టేవాళ్ళు పనాపి చూస్తున్నారు. అప్పుడు అక్క లోపలినుంచి వచ్చింది. తలుపు పట్టుకుని నిలబడింది. మెడ ఎముకలు బయటపడి, కళ్ళు లోపలికి పోయి, నేను గుర్తుపట్టలేకపోయాను. అక్క మమ్మల్ని పలకరించలేదు. గోనె వైపే చూస్తోంది. నగరత్త కోడలి ముఖాన్ని చూసింది. చాలాసేపు చూసింది.

"పెరట్లోకి తీస్కపోండి," అంది చివరికి. "నా సట్లు మాత్రం ముట్టొద్దు."

"సట్టి ఎందుకు వదినా, మంట సాలు," అంది అమ్మ.

పెరట్లో ఎండు కొబ్బరాకులు దొరికాయి. అమ్మ మంటపెట్టి, చిప్పలు పేర్చింది. అక్క ఎదురుగా గొంతుక్కూర్చుంది. మొదటి చిప్ప నోరు తెరవగానే ఊదే ఓపిక కూడా లేక నోటికి ఎత్తుకుంది. నీళ్ళు తాగింది. కండ మింగింది. చెయ్యి చాపింది. అమ్మ ఇస్తూ పోయింది, అక్క తింటూ పోయింది. నగరత్త పెరటితలుపు దగ్గర నిలబడి, ఎప్పుడు కక్కుకుంటుందా అని చూస్తోంది. అక్క కక్కలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, గోడకు ఆనుకుని, అట్లాగే నిద్రపోయింది. నిద్రలో పెదవులు చప్పరించింది.

నగరత్త దగ్గరికి వచ్చి, వంగి ఒక చిప్పలోకి తొంగిచూసింది. "దీనికి నల్లంచు ఎవురు నేసినారు?" అంది. ఆమె నవ్వించే మాట అనడం నేను విన్నది అదొక్కసారే. అమ్మ నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. "ఇంకా ఉండాయా?" అని అడిగింది నగరత్త. ఉన్నాయంటే, తడిగుడ్డ తెచ్చి ఆమే కప్పింది. సాయంత్రం మేము బయలుదేరేటప్పుడు అమ్మను పక్కకు పిలిచి, పులుసుకు ఏమేం వేస్తారో, ఎంతసేపు ఉడకాలో అడిగి తెలుసుకుంది. ఆ తర్వాత బావ మా వైపు వచ్చినప్పుడల్లా తిరుగుమూటలో తడిగోనె ఉండేది. నగరత్త చెంగును ముక్కుకు కట్టుకుని, తన పొయ్యి మీదే, తన చేత్తోనే వండి కోడలికి పెట్టేదని బావ చెబితే అమ్మ నమ్మలేకపోయేది. మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది.

పురిటికి అక్క మా ఇంటికి వచ్చింది. బుగ్గలు నిండి, నడకలో బరువు వచ్చి, బాగుంది. అప్పటికి వానకాలం. ఆ ఏడు వాన మొదలైందంటే ఆగలేదు. తడకు పోయే దారి మునిగిపోయింది. ఉప్పునీళ్ళు మా ఇంటి వెనక్కి వచ్చాయి, వాటికి ఉప్పే లేదు. ఒక పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. ఊళ్ళోని మంత్రసాని వచ్చింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. పిల్ల గట్టిగా ఏడ్చింది, అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది. ఆ తర్వాత రక్తం ఆగలేదు. మంత్రసాని తనకు తెలిసిందంతా చేసి, "నా వల్ల కాదు, ఆస్పత్రికి తీస్కపోండి," అంది. నాయన పడవను వాకిట్లోకే తెచ్చాడు. అక్కను దుప్పటిలో మోసి పడుకోబెట్టారు. అమ్మ అక్క తలను ఒళ్ళో పెట్టుకుంది. పిల్లను నా చేతిలో పెట్టి, "తలకాయ కింద సెయ్యి పెట్టి పట్టుకో," అంది. నేను గుమ్మంలో నిలబడి వానలో పడవ పోవడం చూశాను. పడవ రోడ్డు తేలిన చోటికి చేరకముందే, నీళ్ళ మధ్యలోనే, అక్క పోయింది. నాయన తెడ్డు వేయడం ఆపలేదట. "ఇంక సాలు, తిప్పు," అని అమ్మ అన్నాక కూడా ముందుకే పోయాడట. సాయంత్రానికి తిరిగి వచ్చారు. పిల్ల అప్పటికీ నా చేతుల్లోనే ఉంది. ఎక్కడ దించాలో నాకు తెలియలేదు.

నీళ్ళు తీశాక నగరినుంచి బావా, నగరత్తా, వాళ్ళవాళ్ళు వచ్చారు. మా పంచలో ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. కడుపుతో ఉన్నదానికి ఆ గుల్లలు పెట్టారు, ఒంట్లో వేడి చేసింది, అందుకే రక్తం నిలవలేదు అని. ఆ మాటలు అమ్మ చెవిన పడుతూనే ఉన్నాయి. నగరత్త గడపలోకి రాగానే అమ్మ ఆమె కాళ్ళ మీద పడింది.

"నా సేతులారా నేనే సంపుకున్నా వదినా. నేను తేకపోయింటే బతికుండును."

నగరత్త అమ్మను భుజాలు పట్టుకుని లేపింది.

"నువ్వు తెచ్చింది ఒక్కపూటకు. తక్కినవన్నీ నేను వండి పెట్టినా," అంది. తర్వాత పంచలోని ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఆ బిడ్డ కడుపునిండా తినింది అవొక్కటే. దాన్ని తప్పంటే నన్ను అనండి. ఈమెను అనొద్దు."

ఆమె నా దగ్గరికి వచ్చి చేతులు చాపింది. పిల్లను ఇచ్చాను. తల కింద చెయ్యి ఎట్లా పెట్టాలో ఆమెకు చెప్పబోయి ఆగిపోయాను.

ఆ రోజు నుంచి అమ్మ ఆలిచిప్పలు ముట్టలేదు. నాయన తేలేదు. నీళ్ళకు ఉప్పెక్కింది, ఎండలు వచ్చాయి, మామిడికాయలు వచ్చాయి. వేసవంతా మా వాకిట్లో తాటాకు మంట లేదు. ముగ్గురం ఏదో ఇంత తినేవాళ్ళం. సంగటి ముద్ద చుట్టూ కూర్చునేటప్పుడు అక్క చోటు వదిలేసి కూర్చునేవాళ్ళమని నాకు చాలా రోజులకు గాని తెలియలేదు.

సంవత్సరీకం దగ్గర పడుతుండగా బావ వచ్చాడు. "ఆలిచిప్పలు తీస్కరమ్మంది మా అమ్మ," అన్నాడు. ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి, నీళ్ళలో ఇంకా ఉప్పు ఉంది. నాయన గడ్డపార తీసుకుని పోయాడు. మొదటిది విప్పాడో లేదో, కళ్ళు మూసుకున్నాడో లేదో నేను చూడలేదు. నగరికి చేరాక అమ్మ ఆ పెరట్లోనే కూర్చుని ఒక్కొక్క చిప్పనూ తట్టి చూసింది. తడుతూ తడుతూ ఆగిపోయింది. నగరత్త వచ్చి పక్కన కూర్చుని, తనూ రెండు చిప్పలు తీసుకుంది. "ఇదెట్ట మోగతాది, సెప్పు," అంది. అట్లా ఇద్దరూ కలిసి ఏరారు.

ఆకులో అన్నం, పప్పు, వడలు పెట్టాక నగరత్త పులుసుగిన్నె తెచ్చింది. బావకు పెదనాయన అయ్యే పెద్దాయన ఒకాయన అడ్డం చెప్పాడు.

"ఇది పెట్టేదేందమ్మా? మనింట్లో ఎప్పుడన్నా పెట్టినామా?"

"పోయింది నువ్వు గాదు బావా. దానికి ఏది ఇష్టమో అది పెడతా," అని ఆమె వడ్డించింది.

దండాలు పెట్టుకున్నాక ఆ ఆకు ముందు నగరత్తే కూర్చుంది. పులుసు కలుపుకుని, ఒక కండను వేళ్ళతో తీసి నోట్లో వేసుకుంది. అప్పటిదాకా వండడమే గాని ఆమె ఎప్పుడూ రుచి చూడలేదు. నమలలేక నమిలింది. గొంతు దిగడం లేదని చూస్తే తెలుస్తోంది. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా ఆకు మొత్తం ఖాళీ చేసింది. మా అమ్మ ఎదురుగా కూర్చుని చూసింది. పాకే వయసు పిల్ల రేవతి నా ఒళ్ళో ఉంది. మరుసటి ఏడు బావకు మళ్ళీ పెళ్ళయింది. ఆ ఇంటికి ఆలిచిప్పలు పోవడం అదే ఆఖరు.

ఇదంతా విని రేవతి, "నాకు అవి తినాలని ఉండాది చిన్నమ్మా," అంది. మర్నాడు ఇద్దరం తడకు పోయాం. అప్పట్లో బస్సులు మారి, గోనె తడుపుకుంటూ నగరికి పోయినంత దూరానికి ఇప్పుడు కారులో ఒక కునుకు కూడా పట్టదు. మా ఇల్లు లేదు. అమ్మా నాయనా పోయాక నేను తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోయాను. గోడలు కూలి, ఆ చోట ఎవరిదో సిమెంటు ఇల్లు లేచింది. నీళ్ళు నేను ఎరిగినచోట లేవు, చాలా లోపలికి పోయాయి. మేము పడవ కట్టిన చోట నెర్రెలిచ్చిన బురద. తాటిమొద్దుల గురించి అడిగితే అక్కడి పిల్లలకు తెలియదు. మధ్యవయసు మనిషి ఒకతను, "ఈడ యాడుండాయి అక్కా? సముద్రం కలిసే మొగ దగ్గర కొన్ని దొరకతాయి," అని, రెండు రోజులు ఆగితే తెప్పిస్తానన్నాడు. మాట ప్రకారం తెచ్చి తిరుపతికి బస్సులో పంపాడు. చిన్నవి. మద్రాసులో పెద్ద హోటళ్ళలో వీటిని ఐసు మీద పెట్టి నిమ్మకాయతో ఇస్తారని నాతో పనిచేసిన ఒకావిడ చెప్పింది. ఇస్తారేమో. మా కాలంలో మా పక్కవాళ్ళకే ఇవి తింటామని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్ళం. ఇప్పుడు సిగ్గు పోయింది, చిప్పలూ పోయాయి.

తాటాకు లేదు. గ్యాసు పొయ్యి మీద పెనం పెట్టి నోరు తెరిపించాను. అమ్మ చేసినట్టే పులుసు చేశాను, ఒక్క ఉడుక్కే దించాను. రేవతి ఒక కండ నోట్లో వేసుకుంది. నేను దాని ముఖమే చూస్తున్నాను. ఏదో గుర్తుపడుతుందని, రక్తంలో ఉన్నదేదో పలుకుతుందని ఆశపడ్డాను. అది మింగి, నీళ్ళు తాగింది.

"నాకు నచ్చలా చిన్నమ్మా."

"నచ్చకపోతే ఏం? పెరుగన్నం తిను."

కళ్ళు తిప్పుకుంది. "నీకు కోపం రాకపోతే ఒక మాట. నువ్వు సెప్పిందంతా విన్నా గదా, అవ్వ కోసరమే ఏడుపొచ్చింది. మా అమ్మ కోసరం రాలా. యాడ్నించి వస్తాది? సూడనే లేదు."

నిజమే. అక్క గొంతు ఎరిగినవాళ్ళు, నవ్వు ఎరిగినవాళ్ళు అందరూ పోయారు. అమ్మ, నాయన, బావ, ఆఖరున నగరత్త. నేనొక్కదాన్నే మిగిలాను. నా తర్వాత ఆమెకోసం ఏడ్చే మనిషి లేదు. గిన్నెలో మిగిలింది నా పళ్ళెంలో పోసుకున్నాను.

కాసేపటికి రేవతి అడిగింది. "ఎట్టుండేది? నా అంత ఉండేదా?"

"లే, నిలబడు," అన్నాను.

లేచి నిలబడింది. నుదుటి దగ్గర నెరిసిన జుట్టు, నడుం చుట్టూ వచ్చిన ఒళ్ళు, కళ్ళజోడు. దాని కూతురు చిత్తూరులో పీజీ చదువుతోంది. నేను పైనుంచి కిందిదాకా చూశాను.

"నీకంటే చిన్నది."

"పొట్టిగా ఉండేదా?"

"కాదు. చిన్నది. ఇరవై నిండలేదు."

రేవతి అట్లాగే నిలబడిపోయింది. ఆ లెక్క దానికి ఇంతకుముందు ఎప్పుడూ తట్టలేదనుకుంటాను. మెల్లగా నా పక్కన నేలమీద కూలబడింది.

"నా కూతురి కంటే చిన్నదే," అంది. "పాపం చిన్నమ్మా. చిన్నపిల్ల గదా," అంటూ నా భుజం మీద తల పెట్టి, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడ్చినట్టు ఏడ్చింది.